మెల్‌బోర్న్ నుంచి ‘ఒక్కరోజులో ఆరు సైలోలు’ టూర్: డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి గ్రేట్ ఓషన్ రోడ్ అయిపోయాక ఇంకేం చూపించాలా అని వెతుకుతున్నారా? మన వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పుడు సైలో ఆర్ట్ (ధాన్యం నిల్వ చేసే ఎత్తైన గాదెల మీద వేసిన పెద్ద బొమ్మలు) ప్యాకేజీ ఒకటి తిరుగుతోంది: ‘ఒక్కరోజులో ఆరు సైలోలు, ఎంట్రీ టికెట్లతో సహా’. మేం వెళ్లొచ్చాం. ఆపరేటర్ పేరు రాయను గానీ, ఈ ప్రకటన చూస్తే మీకే తెలుస్తుంది.

ముందు ఆ టికెట్ల సంగతి. బిల్లులో ‘సైట్ ఎంట్రీ’ అని తలకు 40 డాలర్లు వేశారు. అసలు వాటికి టికెట్టే లేదండీ! రోడ్డు పక్కన ఉన్న పాత గోధుమ సైలోల గోడల మీద వేసిన బొమ్మలవి. కారు ఆపి ఎవరైనా ఊరికే చూడొచ్చు.

ఇక దూరం. ఈ సైలోల ఊళ్లను కలిపే దారికి (సైలో ఆర్ట్ ట్రైల్) పేరు తెచ్చిన బ్రిమ్ ఊరి బొమ్మ, అంటే 1939 నాటి సైలోల మీద గైడో వాన్ హెల్టన్ వేసిన నలుగురు రైతులు, మెల్‌బోర్న్‌కి దాదాపు 350 కిలోమీటర్లు. దక్షిణాన రుపన్యుప్ నుంచి ఉత్తరాన ప్యాచివోలక్ దాకా మరో 200. ఆరూ చూసి రావాలంటే డ్రైవింగే పది గంటలు. ఇక్కడ జూలై అంటే చలికాలం, అయిదున్నరకల్లా పొద్దు గూకుతుంది. అమ్మేవాడికి ఈ లెక్క తెలియదా?

రుపన్యుప్, షీప్ హిల్స్, బ్రిమ్ చూపించి బండి వెనక్కి తిప్పేశాడు. అడిగితే, ‘మిగతావీ ఇలాంటివేనండీ’ అన్నాడు డ్రైవర్. కానే కావు. రుపన్యుప్‌లో స్టీలు సైలోల మీద నలుపు తెలుపుల్లో ఊరి కుర్రకారు. షీప్ హిల్స్‌లో అడ్నేట్ అనే చిత్రకారుడు వేసిన నలుగురు ఆదివాసులు, పెద్దలు ఇద్దరు, పిల్లలు ఇద్దరు, వెనక చుక్కల ఆకాశం, రంగులే రంగులు. వాడు చూపించని లాసెల్స్‌లో రోన్ అనే చిత్రకారుడు వేసిన రైతు దంపతులైతే మంచులోంచి చూస్తున్నట్టు లేతగా ఉంటారట. మేం డబ్బు కట్టింది దాని కోసమే.

రీఫండ్ అడిగితే ‘రూట్ మారవచ్చు’ అన్న షరతు చూపిస్తున్నాడు. చెప్పిన సేవ ఇవ్వకపోతే అడిగే హక్కు ఇక్కడి చట్టంలో ఉంది, వినియోగదారుల ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ కన్స్యూమర్ అఫైర్స్ విక్టోరియాని సంప్రదించొచ్చు. బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేస్తే డిస్కౌంట్ అంటాడు, ఒప్పుకోకండి. కార్డుతో కడితే బ్యాంకు ద్వారా వెనక్కి అడిగే దారైనా ఉంటుంది. ఏ ఊళ్లు చూపిస్తాడో పేర్లతో సహా రాతలో తీసుకోండి.

నన్నడిగితే టూరే వద్దు. సొంత కారులో వెళ్లి ఆ చుట్టుపక్కల ఊళ్లయిన హార్షమ్‌లోనో వారక్‌నబీల్‌లోనో రాత్రి ఆగండి. సందెవేళ కంగారూలు రోడ్డు మీదికొస్తాయి, చీకటి పడకముందే బస చేరుకోండి. పెద్దవాళ్లు శాకాహారులైతే పులిహోర కట్టుకెళ్లడం మేలు, చిన్న ఊళ్లలో చిప్స్‌తోనే సరిపెట్టుకోవాలి.

ఇదే ఆపరేటర్‌కి కట్టినవాళ్లు ఎవరైనా ఉంటే రసీదులు పారేయకుండా నాకు మెసేజ్ పెట్టండి. ఫిర్యాదులు అందరం ఒకేసారి పంపిద్దాం.