ఫోన్‌లో పాత ఆటల అలమర: ఈఎస్-డీఈ ఆండ్రాయిడ్ యాప్ సమీక్ష

ఫోన్‌లో పాత వీడియో గేముల ఫైళ్లు పదో ఇరవయ్యో ఉన్నంతవరకు ఏ ఇబ్బందీ ఉండదు. అవి మూడు వందలు దాటి, నాలుగైదు ఎమ్యులేటర్ల (పాత గేమింగ్ యంత్రాలను అనుకరిస్తూ వాటి ఆటలను నడిపే యాప్‌ల) మధ్య చెల్లాచెదురైనప్పుడు మాత్రం ఏ ఆటను ఏ యాప్‌లో తెరవాలో గుర్తు తెచ్చుకోవడమే ఒక పని అవుతుంది. ఆ పనిని తగ్గించే యాప్‌లను ఫ్రంటెండ్‌లు అంటారు. ఇవి స్వయంగా ఏ ఆటనూ నడపవు. ఆటలన్నిటినీ బొమ్మలతో సహా ఒకచోట చూపించి, మనం ఎంచుకున్న ఆటను దానికి తగిన ఎమ్యులేటర్‌కు అప్పగిస్తాయి. నేను కొన్ని నెలలుగా వాడుతున్నది ఈఎస్-డీఈ. ఎమ్యులేషన్‌స్టేషన్ అనే పాత ప్రోగ్రాం నుంచి పుట్టిన ఇది కంప్యూటర్లలో ఉచితంగా దొరుకుతుంది. 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ కూర్పును మాత్రం కొనుక్కోవాలి. అది ప్లే స్టోర్‌లో లేదు. తయారీదారులకు నేరుగా డబ్బు చెల్లించే పేట్రియాన్ వెబ్‌సైటు, శామ్‌సంగ్ గెలాక్సీ స్టోర్ వంటి చోట్ల తీసుకోవాలి.

మొదటిసారి తెరవగానే ఈ యాప్ స్టోరేజీ అనుమతి అడిగి, తన సమాచారానికి ఒక ఫోల్డర్‌నూ, ఆటల ఫైళ్లకు మరో ఫోల్డర్‌నూ చూపించమంటుంది. ఆ తరువాత, కావాలంటే, ఆటల ఫోల్డర్‌లో ఒక్కో గేమింగ్ యంత్రానికి ఒక్కో ఉపఫోల్డర్‌ను అదే తయారు చేస్తుంది. ప్రతి ఉపఫోల్డర్‌లోనూ ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది. ఆ యంత్రం పేరేమిటి, ఏయే రకాల ఫైళ్లను గుర్తిస్తుంది, ఏయే ఎమ్యులేటర్లతో నడపవచ్చు అన్నది అందులో రాసి ఉంటుంది. నాకు ఈ యాప్‌లో అన్నిటికన్నా నచ్చింది ఈ టెక్స్ట్ ఫైలే. సహాయం కోసం ఎక్కడెక్కడో వెతకకుండా, ఫైలును ఎక్కడ పెట్టాలో అక్కడే సమాధానం దొరుకుతుంది. ఆటలు లేని యంత్రాలు తెర మీద కనిపించవు కాబట్టి, అన్ని ఫోల్డర్లు చూసి కంగారు పడనక్కరలేదు.

కవర్ బొమ్మలు, విడుదలైన సంవత్సరం, తయారుచేసినవారి పేరు వంటి వివరాలను స్క్రేపర్ అనే భాగం ఇంటర్నెట్ నుంచి తెస్తుంది. ఇది స్క్రీన్‌స్క్రేపర్, దిగేమ్స్‌డీబీ అనే రెండు సేవల మీద ఆధారపడుతుంది. ఫైలు పేరు శుభ్రంగా ఉంటే పని నిమిషాల్లో అయిపోతుంది. లేకపోతే వింత ఫలితాలు వస్తాయి. నా బద్ధకం వల్ల ఒక రేసింగ్ ఆటకు పేరులో సగమే ఉంచాను. దానికి ఫుట్‌బాల్ ఆట కవర్ వచ్చి కూర్చుంది, రెండు వారాల దాకా నేను గమనించనే లేదు. ఒక్కో ఆటకు మనమే సరైనది ఎంచుకునే పద్ధతి కూడా ఉంది కాబట్టి చివరికి సరిచేశాను. ఆర్కేడ్ ఆటల (ఒకప్పుడు నాణెం వేసి ఆడిన పెద్ద యంత్రాల ఆటల) సంగతి దీనికి పూర్తిగా భిన్నం. వాటి జిప్ ఫైళ్లకు పొట్టి పేర్లే ఉండాలి, ఎందుకంటే ఎమ్యులేటర్ ఆటను గుర్తించేది ఆ పేరును బట్టే. వాటిని అందంగా మార్చబోతే ఆట తెరుచుకోదు. ఈఎస్-డీఈ దగ్గర ఆ పొట్టి పేర్ల పట్టిక ముందే ఉంటుంది కనుక, ఫైలు పేరు ‘ఎస్‌ఎఫ్2’ అనే ఉన్నా తెర మీద ఆట పూర్తి పేరే కనిపిస్తుంది.

స్క్రేపర్‌లో వీడియోలు తెచ్చే ఎంపికను నేను ఆపేశాను. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ ఆట మొత్తం 40 కిలోబైట్లు. దాని ఒక్క కవర్ బొమ్మే ఆటకన్నా పెద్దదైనప్పుడు, వీడియో కూడా పెట్టి మెమరీ కార్డును నింపడం నాకు సమంజసంగా తోచలేదు.

అసలు పరీక్ష ప్లేస్టేషన్ డిస్కుల దగ్గర ఎదురవుతుంది. 1997లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 7 మూడు డిస్కుల ఆట. ఒక్కో డిస్కు కాపీలో ఉండే క్యూ, బిన్ ఫైళ్లను అలాగే తెచ్చి పడేస్తే జాబితాలో ఒకే ఆట అరడజను పేర్లతో బారులు తీరుతుంది. నేను ముందుగా ప్రతి డిస్కునూ సీహెచ్‌డీ అనే కుదించిన రకం ఫైలుగా మార్చాను. దీనివల్ల డిస్కుకు ఒక్క ఫైలే మిగులుతుంది, సమాచారమేదీ పోకుండా పరిమాణమూ తగ్గుతుంది. ఆ తరువాత ఒక ఫోల్డర్‌కు ఆట పేరు పెట్టి, చివర ‘.ఎం3యు’ (జాబితా ఫైళ్లకు ఉండే తోక పేరు) అని చేర్చి, మూడు డిస్కులనూ అందులో ఉంచాను. వాటి పక్కనే, ఫోల్డర్‌కున్న పేరుతోనే, మూడు డిస్కుల పేర్లు మూడు వరుసల్లో రాసిన ఎం3యు ఫైలును పెట్టాను. అంతే, ఈఎస్-డీఈ ఆ ఫోల్డర్‌ను ఒకే ఆటగా చూపించింది. ఇంత చిన్న సదుపాయం కోసం ఇంతకుముందు వాడిన ఒక యాప్‌లో నేను ఎంత తంటాలు పడ్డానో చెప్పుకుంటే అదే మరో సమీక్ష అవుతుంది.

ఆటను తెరవడంలో కొంత చిక్కు ఉంది. తప్పు ఈ యాప్‌ది కాదు, ఆండ్రాయిడ్ పద్ధతే అలాంటిది. ఫ్రంటెండ్ చేయగలిగింది ఎమ్యులేటర్‌ను పిలిచి ఫైలు చిరునామా అందించడం వరకే. ఆ ఫైలును చదివే అనుమతి చాలా ఎమ్యులేటర్లకు విడిగా ఉండాలి. అది ఇవ్వడం మరిచిపోతే నల్లటి తెర తప్ప ఏమీ కనిపించదు. అందుకే ప్రతి ఎమ్యులేటర్‌నూ ఒకసారి నేరుగా తెరిచి, ఆటల ఫోల్డర్ చూపించి, ఒక ఆట నడిపి చూసిన తరువాతే ఫ్రంటెండ్ జోలికి రావడం మంచిది. చాలా యంత్రాల ఆటలను ఒకే యాప్‌లో నడిపే రెట్రోఆర్చ్ వాడేవారు, అందులో ఒక్కో యంత్రాన్ని అనుకరించే భాగాలైన కోర్‌లను కూడా ముందే దించుకోవాలి. ప్లే స్టోర్‌లో ఉన్న రెట్రోఆర్చ్‌లో కోర్‌లు తక్కువ కాబట్టి, దాని అధికారిక వెబ్‌సైటులోని కూర్పును ఎంచుకోవాలి. ఆట నుంచి బయటికి వచ్చే పద్ధతి కూడా ఒక్కో ఎమ్యులేటర్‌లో ఒక్కో రకంగా ఉంటుంది. ఒక యంత్రానికి పెట్టిన ఎమ్యులేటర్ ఏదో ఒక్క ఆటకు నప్పకపోతే, ఆ ఒక్కదానికే వేరొకటి నిర్ణయించుకోవచ్చు. ఈ వెసులుబాటు తరచుగా అక్కరకు వస్తుంది.

ఇష్టమైనవి, చివరిగా ఆడినవి అనే జాబితాలు ఉన్నాయి. సొంత జాబితాలూ చేసుకోవచ్చు. పిల్లలకు ఇచ్చేటప్పుడు ఎంపిక చేసిన ఆటలే కనిపించే అమరిక కూడా ఉంది. అయితే ఈ యాప్‌ను మనసులో కంట్రోలర్ పెట్టుకునే తయారుచేశారు. తెర మీద తాకే బటన్లు ఉన్నప్పటికీ, వేలితోనే అన్నీ నడపాలనుకునేవారికి ఉచితంగా దొరికే డైజిషో అనే మరో ఫ్రంటెండ్ ఎక్కువ హాయిగా ఉంటుంది.

ఆట వివరాలన్నీ ఈఎస్-డీఈ మామూలు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో దాచుకుంటుంది, మన ఆటల ఫైళ్ల పేర్లను తనంతట తాను మార్చదు. ఈ మధ్య ఫోన్ మార్చినప్పుడు రెండు ఫోల్డర్లను కాపీ చేసుకుని, ఎమ్యులేటర్లకు మళ్లీ అనుమతులిచ్చాను. కవర్లు, ఇష్టమైనవి, ఏ ఆట ఎన్నిసార్లు తెరిచానన్న లెక్కతో సహా అన్నీ యథాతథంగా వచ్చాయి. ఆటలో ఎంతవరకు వచ్చామో దాచే సేవ్ ఫైళ్లు మాత్రం ఎమ్యులేటర్ల సొంత ఫోల్డర్లలో ఉంటాయన్న సంగతి నాకు పాత ఫోన్‌ను పూర్తిగా చెరిపేశాక గుర్తొచ్చింది. మూడో డిస్కు దాకా వచ్చిన ఆటను నలభై ఒకసార్లు తెరిచానని కొత్త ఫోన్ చెబుతోంది. తెరిస్తే మొదటి డిస్కులో రైలు దిగుతున్నాను.