పెనాంగ్ చైనా వీధులు: కిటికీ లేని గది, ఉల్లి లేని భోజనం

మలేషియాలో పెనాంగ్ వెళ్ళేవాళ్ళు జార్జ్‌టౌన్ పాత చైనా వీధుల్లో 'హెరిటేజ్' గది బుక్ చేసేముందు కిటికీ ఉందో లేదో మెసేజ్ పెట్టి మరీ అడగండి. మాకు రాత్రికి 190 రింగిట్లు పడింది, మన డబ్బుల్లో దాదాపు నాలుగు వేలు. ఫోటోలో చూపించింది వీధివైపు బాల్కనీ గది, ఇచ్చింది ఇంటి నడిమధ్య గది. అక్కడి పాత ఇళ్ళు ముందు దుకాణం, వెనక కాపురం అన్న పద్ధతిలో సన్నగా, లోపలికి బాగా పొడుగ్గా కట్టినవి. గాలీ వెలుతురూ రావడానికి మధ్యలో మన మండువా లాంటి ఖాళీ వదులుతారు. మేం దిగిన చోట దాన్ని కూడా రేకులతో కప్పేశారు. గదంతా చెమ్మ వాసన. అత్తయ్యకి ఊపిరాడక రాత్రంతా మంచం మీద కూర్చునే ఉన్నారు. గది మార్చమంటే ఖాళీ లేదన్నారు, డబ్బు వెనక్కివ్వమంటే రూల్స్ ఒప్పుకోవన్నారు. విదేశీయుల దగ్గర గదికి రాత్రికి 10 రింగిట్ల టూరిజం ట్యాక్స్ వేరే తీసుకుంటారు. అది ప్రభుత్వం పెట్టిందే, దాని గురించి గొడవ అనవసరం. ఆ 190 మాత్రం పచ్చి మోసం. మర్నాడు కొమ్తార్ అనే ఎత్తైన టవర్ దగ్గర ఒక మామూలు హోటల్లో 150కే పెద్ద కిటికీ ఉన్న గది దొరికింది.

అప్పటిదాకా ముభావంగా ఉన్న మా ఆయన ఖూ కాంగ్సీలో అడుగుపెట్టాక మామూలు మనిషయ్యారు. చైనాలోని ఫుజియాన్ నుంచి వచ్చిన ఖూ ఇంటిపేరు వాళ్ళ పూర్వీకుల మందిరం అది. మొదట కట్టింది 1901లో కాలిపోయింది, ఇప్పుడున్నది 1906లో పూర్తయింది. రాతి స్తంభాల చెక్కడాలకంటే మాకు నచ్చింది లోపలి గోడల మీది పేర్లు. వాళ్ళ వంశంలో పెద్ద చదువులు చదివినవాళ్ళ పేర్లు, డిగ్రీలతో సహా, పూర్వీకుల ఎదుటే పెట్టుకున్నారు. ఇక్కడికి పొద్దున్నే వెళ్ళండి.

ఇక భోజనం. చార్ క్వే తియో అనే నూడుల్స్ వేపుడు గురించి అందరూ ఊరిస్తారుగానీ అందులో రొయ్యలుంటాయి, చాలాచోట్ల పంది కొవ్వుతో వేయిస్తారు. అత్తయ్యకి ఉల్లి, వెల్లుల్లి కూడా పనికిరావు. ఈవిడ ఏం తింటారని టెన్షన్ పడుతుంటే, కువాన్ యిన్ అనే కరుణాదేవత గుడికి దగ్గర్లో చైనావాళ్ళ శాకాహార హోటల్ కనిపించింది. నిష్ఠగా ఉండే చైనా బౌద్ధులు ఉల్లి, వెల్లుల్లి ముట్టరట! అన్నం, టోఫు, బెండకాయ, పుట్టగొడుగులు, ఎవరికి కావలసింది వాళ్ళే వడ్డించుకోవాలి. కోడిమాంసంలా కనిపించిన ముక్కలు చూసి అత్తయ్య వెనక్కి తగ్గారు. అది సోయా అని వంటామె గింజలు తెచ్చి చూపించాకే తిన్నారు, మళ్ళీ వడ్డించుకున్నారు కూడా. ముగ్గురికీ కలిపి 27 రింగిట్లు. ఆ తర్వాత పూటపూటా అక్కడే.

చ్యూ జెట్టీకి టికెట్ లేదు. సముద్రంలో గుంజలు పాతి కట్టుకున్న ఆ ఇళ్ళలో చ్యూ ఇంటిపేరు కుటుంబాలు ఇప్పటికీ కాపురముంటున్నాయి. ఫోటోల కోసం గుమ్మాల్లోకి తొంగిచూడొద్దు, వాళ్ళు బోర్డులు పెట్టి మరీ అడుగుతున్నారు. సాయంత్రం ఎండ తగ్గాక వెళ్తే చాలు, అరగంటలో చూసి రావచ్చు.