మాగ్నెటో మాగ్నెట్ డౌన్ అయితే ఏది మేలు? కాయిల్ చుట్టుకోవడమా, కెపాసిటర్ పేల్చడమా, నియోడిమియంతో రుద్దడమా?

మాగ్నెటో అంటే బ్యాటరీ లేకుండానే ఇంజన్ ప్లగ్‌కి స్పార్క్ ఇచ్చే సాధనం. దానిలోని అయస్కాంతం బలం తగ్గడమే మాగ్నెట్ డౌన్ అవడం. పాత బీఎస్ఏ, నార్టన్, ట్రయంఫ్ బళ్లు పెట్టుకున్నవాళ్లు ఏదో ఒక రోజు వినే మాట ఇది: "సార్, మాగ్నెట్ డౌన్ అయింది, చార్జ్ చేయించాలి." ఎక్కడ చేయించాలి అని అడిగితే మాత్రం మెకానిక్ దగ్గర జవాబుండదు. లూకాస్ మాగ్నెటోలు బాగుచేయడమే పనిగా పెట్టుకున్న వర్క్‌షాపులు ఇంగ్లండులో ఉన్నాయి. కానీ అంత బరువైన వస్తువును అక్కడికి పంపి తెప్పించుకోవడమంటే కొరియర్ ఖర్చు ఒక ఎత్తు, కస్టమ్స్ టెన్షన్ ఇంకో ఎత్తు. అందుకే చాలామంది ఇంట్లోనే ఏదో ఒకటి చేసేద్దామనుకుంటారు. దారులు మూడున్నాయి. మూడూ పనిచేస్తాయి. అయితే అన్ని మాగ్నెట్ల మీదా కాదు.

చార్జింగ్ మాట ఎత్తేముందు, తప్పు నిజంగా మాగ్నెట్‌దేనా అని చూసుకోవాలి. లూకాస్ కె2ఎఫ్ లాంటి మాగ్నెటోల్లో కండెన్సర్ (కెపాసిటర్) ఆర్మేచర్ (మాగ్నెట్ ధ్రువాల మధ్య తిరిగే, వైర్ చుట్టిన ఇనప కోర్) లోపలే ఉంటుంది, ముందు పాడయ్యేది కూడా తరచుగా అదే. బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్టై, వేడెక్కాక ఆగిపోయి, మళ్లీ చల్లారేదాకా మొరాయిస్తుంటే అది కండెన్సర్ పనో, వైండింగ్ పనో అయ్యుంటుంది. మాగ్నెట్ వీక్ అయితే లక్షణం వేరు. కిక్ కొడితే స్పార్క్ రాదు, తోసి స్టార్ట్ చేస్తే మాత్రం చక్కగా నడుస్తుంది, వేడి చలితో దానికి పెద్దగా నిమిత్తం లేదు. ఇంకో గుర్తు కూడా ఉంది. మంచి మాగ్నెటో షాఫ్ట్‌ని చేత్తో తిప్పితే ఒక రౌండులో రెండు చోట్ల బిగపట్టి, టక్కున వదులుతుంది. వీక్ అయినది మెత్తగా తిరిగేస్తుంది. పాయింట్లు (కరెంట్‌ని తెంచి స్పార్క్ పుట్టించే కాంటాక్టులు) శుభ్రం చేసి, గ్యాప్ సరిచేశాక కూడా ఇలాగే ఉంటే అప్పుడు చార్జింగ్ గురించి ఆలోచించండి.

ముందు మాగ్నెట్ ఏ రకమో తెలియాలి

1902లో బాష్ కంపెనీలో గాట్‌లోబ్ హోనోల్డ్ హై టెన్షన్ మాగ్నెటో తయారుచేసిన కాలంలో వాడింది ఉక్కు మాగ్నెట్లే. ఎక్కువగా టంగ్‌స్టన్ కలిపిన ఉక్కు. గుర్రపు లాడం ఆకారంలో, పొడుగ్గా, బరువుగా ఉంటాయి. 1917లో జపాన్‌లో హోండా కోటారో కోబాల్ట్ ఉక్కు కనిపెట్టాడు. 1931లో అక్కడే మిషిమా నికెల్-అల్యూమినియం ఉక్కుతో అల్నికోకి (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన మాగ్నెట్ లోహం) దారి వేశాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన మోటార్‌సైకిల్ మాగ్నెటోల్లో ఎక్కువగా కనిపించేది అల్నికోయే.

వీటి మధ్య తేడా కోయర్సివిటీలో ఉంది. అంటే ఎదురు ఫీల్డ్ పెట్టినా తన అయస్కాంతత్వాన్ని వదలని మొండితనం. టంగ్‌స్టన్ ఉక్కుకి ఇది సుమారు 70 ఓర్‌స్టెడ్లు (అయస్కాంత ఫీల్డ్‌ని కొలిచే యూనిట్), కోబాల్ట్ ఎక్కువున్న ఉక్కుకి 250 దాకా, అల్నికోకి 600 పైచిలుకు. పూర్తిగా చార్జ్ కావాలంటే ఆ అంకెకి నాలుగైదు రెట్ల ఫీల్డ్ కావాలి. అంటే అల్నికోకి దాదాపు 3,000 ఓర్‌స్టెడ్లు, మన లెక్కలో సెంటీమీటరు పొడవుకి 2,400 ఆంపియర్-టర్న్స్ (ఆంపియర్లని కాయిల్ చుట్లతో గుణిస్తే వచ్చేది).

ఈ అంకె చూసి హడలిపోవక్కర్లేదు. ఉక్కు మాగ్నెట్ మెత్తనిదే గానీ పొడుగు, పాతిక సెంటీమీటర్లు కూడా ఉండొచ్చు. అల్నికో మొండిదే గానీ పొట్టి. 6 సెంటీమీటర్ల అల్నికోకి 14,400 ఆంపియర్-టర్న్స్ చాలు, 20 సెంటీమీటర్ల కోబాల్ట్ ఉక్కుకి అంతకన్నా కాస్త ఎక్కువే కావాలి. కాబట్టి 18-20 వేల ఆంపియర్-టర్న్స్ ఇచ్చే ఎలక్ట్రోమాగ్నెట్ ఒక్కటుంటే మోటార్‌సైకిల్ మాగ్నెటోల్లో చాలావాటిని లాగించేయొచ్చు.

నియోడిమియంతో రుద్దడం

అందరికీ ముందు తట్టేది ఇదే. ఆన్‌లైన్‌లో నాలుగు బలమైన నియోడిమియం బిళ్లలు కొని, లాడం మాగ్నెట్ మధ్య నుంచి కొసలవైపు ఒకే దిశలో, ఒక కాలిని ఒక ధ్రువంతో, రెండో కాలిని రెండో ధ్రువంతో రుద్దడం. టంగ్‌స్టన్ ఉక్కు లాడానికి ఇది బాగానే పనిచేస్తుంది. 1920లకి ముందరి మాగ్నెటో ఒకటి చేతిలో ఉండి, దాన్ని ఒకసారి నడిపి చూడాలన్న సరదా మాత్రమే అయితే ఇంతకంటే ఖర్చు పెట్టడం దండగ.

అల్నికో దగ్గరికొచ్చేసరికి ఈ పద్ధతి తేలిపోతుంది. బిళ్ల తాకిన చోట ఫీల్డ్ గట్టిగానే ఉంటుంది, రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి వెళ్లేసరికి పలచబడిపోతుంది. పైగా కె2ఎఫ్‌లో మాగ్నెట్ అల్యూమినియం బాడీలోనే పోతపోసి ఉంటుంది, రుద్దుదామన్నా చేతికి దొరకదు. పెద్ద బ్లాకులు తెచ్చి ఇనప యోక్‌కి (ధ్రువాలని కలిపే చట్రానికి) బిగిస్తే అల్నికోని కూడా చార్జ్ చేయొచ్చన్నది నిజమే. కానీ ఆ బ్లాకుకి ఆఫ్ స్విచ్ ఉండదు. మాగ్నెటోని దాన్నుంచి పీకేటప్పుడు వేళ్లు నలగడం ఒక ప్రమాదమైతే, అడ్డదిడ్డంగా లాగినప్పుడు ఎక్కించిన చార్జ్ కొంత పోవడం ఇంకొకటి.

కెపాసిటర్ పేల్చడం

మాగ్నెట్లు తయారుచేసే ఫ్యాక్టరీల్లో వాడే పద్ధతి ఇది. పెద్ద కెపాసిటర్లలో కరెంట్ నింపి, కొద్ది చుట్లున్న కాయిల్‌లోకి ఒక్కసారిగా వదులుతారు. కొన్ని మిల్లీసెకన్ల పాటు వేల ఆంపియర్లు పారతాయి. వీడియోల్లో చూడ్డానికి బాగుంటుంది, రాగి కూడా తక్కువే పడుతుంది.

నాకు దీని మీద రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది ప్రాణభయం. 400 వోల్టుల దగ్గర 4,700 మైక్రోఫారడ్ల బ్యాంకులో 376 జౌళ్లు ఉంటాయి. పొరపాటున చెయ్యి తగిలితే మళ్లీ తీసుకునే అవకాశం ఉండకపోవచ్చు. రెండోది సాంకేతికం, మాగ్నెటో విషయంలో ఇదే అసలు సంగతి. అంత పొట్టి పల్స్ వచ్చినప్పుడు చుట్టూ ఉన్న అల్యూమినియం బాడీలో, గట్టి ఇనప ముక్కల్లో ఎడ్డీ కరెంట్లు (లోహంలోనే సుడుల్లా తిరిగే కరెంట్లు) పుట్టి ఫీల్డ్‌ని లోపలికి రానివ్వవు. అవి చల్లారేలోపు పల్స్ అయిపోతుంది. విడి మాగ్నెట్‌కి బ్రహ్మాండంగా పనిచేసే పద్ధతి బాడీలో ఉన్న మాగ్నెట్‌కి సగమే పనిచేస్తుంది. దీనికితోడు డయోడ్ పెట్టకపోతే కరెంట్ వెనక్కీ ముందుకీ ఊగుతుంది. ముందు ఊపులో ఎక్కిన చార్జ్‌ని వెనకూపు కొంత తినేస్తుంది. ఆర్మేచర్ లోపలే ఉంచి పేలిస్తే దాని సెకండరీ వైండింగ్‌కి (స్పార్క్ వోల్టేజీ ఇచ్చే సన్న వైర్ చుట్టుకి) తగిలే దెబ్బ సంగతి సరేసరి.

కాయిల్ చుట్టుకోవడం

నా ఓటు దీనికే. కారణం బలం కాదు, నిదానం. అల్నికోకి ఒక బలహీనత ఉంది. చార్జ్ చేసి, ఆర్మేచర్ ఊడదీస్తే, ధ్రువాల మధ్య ఇనప దారి తెగిపోయి మాగ్నెట్ తనంతట తనే కొంత బలం పోగొట్టుకుంటుంది. మళ్లీ ఆర్మేచర్ పెట్టినా ఆ బలం తిరిగి రాదు. అందుకే ఆర్మేచర్ లోపల ఉండగానే, మాగ్నెటోని మొత్తంగా చార్జ్ చేయడం మేలు. ఆ పని సాఫీగా చేయగలిగేది నిలకడ డీసీ ఎలక్ట్రోమాగ్నెట్టే.

తయారీ మన ఊళ్లలో కష్టమేమీ కాదు. 60 మిల్లీమీటర్ల ఎంఎస్ (మైల్డ్ స్టీల్) రౌండ్ రాడ్ ముక్కలు రెండు, ఒక్కోటి 150 మిల్లీమీటర్లు. కింద వాటిని కలుపుతూ అంత మందమే ఉన్న ఇనప దిమ్మ, పైన జరుపుకునేలా రెండు పోల్ ముక్కలు. విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్ బాలానగర్‌లోనో ఏ లేత్ షాపులోనైనా అయిపోతుంది. కాయిల్‌కి మోటార్ వైండింగ్ షాపు ఉండనే ఉంది. బోరు మోటార్లు చుట్టి చుట్టి చేయి తిరిగినవాళ్లు వాళ్లు, 16 గేజ్ ఎనామెల్ వైర్ ఒక్కో రాడ్ మీద 500 చుట్లు అంటే నవ్వుతూ చుట్టేస్తారు. రెండింటికీ కలిపి రాగి నాలుగు కిలోల పైచిలుకు పడుతుంది. ఖర్చంతా అక్కడే.

ఆ రెండు కాయిళ్లు సిరీస్‌లో కలిపితే రెసిస్టెన్స్ 2 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. రెండు 12 వోల్టుల బ్యాటరీలు పెడితే 12 ఆంపియర్లు, అంటే 12 వేల ఆంపియర్-టర్న్స్. మూడు పెడితే 18 వేలు. ఒక కాయిల్‌ని తిరగేసి కలిపితే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, అందుకే పైకొసల్లో ఒకటి ఉత్తరం, ఒకటి దక్షిణం వస్తున్నాయో లేదో దిక్సూచితో చూసుకోవాలి. ఈ దిక్సూచితోనూ జాగ్రత్త. బలమైన ఫీల్డ్ దగ్గరికి తీసుకెళితే దాని ముల్లే తిరగబడి చార్జ్ అవుతుంది, తర్వాత అది చెప్పేదంతా అబద్ధం. చార్జ్ చేయబోయే ముందు మాగ్నెటో ధ్రువాలు గుర్తు పెట్టుకుని అదే దిశలో ఎక్కించండి.

చాలామంది చుట్ల లెక్క చూస్తారు, సందుల లెక్క చూడరు. పోల్ ముక్కకీ మాగ్నెటో బాడీలోని ఇనుముకీ మధ్య ఒక్కో మిల్లీమీటరు గాలి సందు దాదాపు వెయ్యి ఆంపియర్-టర్న్స్ మింగేస్తుంది. ఐదు మిల్లీమీటర్ల సందు వదిలేస్తే ఒక బ్యాటరీ దండగ. పోల్ ముక్కలు బాడీకి అతుక్కునేలా అరగదీయించుకోవడానికి లేత్ షాపులో పెట్టిన డబ్బే నిజంగా పనికొచ్చే డబ్బు. ఆర్మేచర్ కోర్ కూడా తన వాటా ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) తాగుతుంది, అందుకే లెక్కకి కాస్త పైనే ఉండాలి.

స్విచ్‌కి కారు స్టార్టర్ సోలనాయిడ్ చాలు. కాయిల్‌కి అడ్డంగా, తిరగేసి, 35 ఆంపియర్ల డయోడ్ తప్పనిసరి. లేకపోతే ఆఫ్ చేసినప్పుడు కాయిల్‌లో దాగిన శక్తి పెద్ద వోల్టేజీగా మారి కాంటాక్టుల దగ్గర పేలుతుంది. డయోడ్ ఉంటే కరెంట్ నెమ్మదిగా దిగుతుంది, ఆర్మేచర్ వైండింగ్‌కీ అదే క్షేమం. అయినా ప్లగ్ వైర్‌ని బాడీకి ఎర్త్ చేసే ఉంచండి. ఒక్కోసారి రెండు మూడు సెకన్లు ఆన్, ఆఫ్, మళ్లీ ఆన్. కరెంట్ పూర్తిగా పెరగడానికి సెకను లోపే పడుతుంది, గంటలకొద్దీ ఉంచితే వేడెక్కేది కాయిలే గానీ మాగ్నెట్‌కి కొత్తగా ఒరిగేది లేదు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ ఛాయలకి రాకూడదు.

బ్యాటరీల బదులు వెల్డింగ్ మెషీన్ వాడొచ్చా? ఇన్వర్టర్ రకం అయితే డీసీ ఇస్తుంది కాబట్టి వాడొచ్చు. సన్న వైర్ బదులు వెల్డింగ్ కేబుల్ వంద చుట్లు చుట్టి 150 ఆంపియర్లు పంపితే 15 వేల ఆంపియర్-టర్న్స్ వచ్చేస్తాయి. పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషీన్ ఏసీ ఇస్తుంది. దానికి తగిలిస్తే ఉన్న కాస్త అయస్కాంతత్వం కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

ఒకే బండి, ఒకే మాగ్నెటో ఉన్నవాళ్లకి ఇంత హడావుడి గిట్టుబాటు కాదు. అలాంటప్పుడు నలుగురు పాత బళ్లవాళ్లు కలిసి ఒక ఎలక్ట్రోమాగ్నెట్ చేయించుకోవడం తెలివైన పని, ఏడాదికోసారి కూడా వాడాల్సిరాని సామాను అది.

స్కూటర్ల, చిన్న టూ-స్ట్రోక్ బళ్ల ఫ్లైవీల్ మాగ్నెట్ల దగ్గర మాత్రం ఈ లెక్క మారిపోతుంది. వాటిలో ధ్రువాలు వలయంలా ఒకదాని పక్కన ఒకటి తారుమారుగా ఉంటాయి. రెండు పోల్స్ ఉన్న ఎలక్ట్రోమాగ్నెట్‌తో ఒక జత చార్జ్ చేస్తుంటే పక్క జత చెడుతుంది. వాటికోసమే చేసిన ఫిక్స్చరు, కెపాసిటర్ పల్స్ ఉన్నచోటే అది కుదిరే పని. తర్వాత వచ్చిన ఫెర్రైట్ రకానికైతే 10,000 ఓర్‌స్టెడ్లు కావాలి. పాత సామాన్ల దుకాణంలో మంచి ఫ్లైవీల్ ఇంకొకటి దొరికితే తెచ్చి వేసుకోవడమే నయం.