అంతర్వేది దారిలో విరాట్ కబుర్లు

నరసాపురంలో రైలు దిగేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. టిఫిన్ తిని, కారు మాట్లాడుకుని రేవుకెళ్లాం. చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావచ్చు గానీ, వశిష్ఠ గోదావరి పాయను పంటు (బండ్లని కూడా దాటించే పెద్ద పడవ) మీద దాటకపోతే కోనసీమకి వచ్చినట్టే ఉండదు. ఒక్క జాగ్రత్త: బండి పంటు ఎక్కేటప్పుడు పిల్లల్ని దించేయండి. చెక్కల మీద కారు ఒక్కసారి ఊగేసరికి మావిడకి అవతలి ఒడ్డు చేరేదాకా టెన్షన్ తగ్గలేదు.

నాలుగు రాత్రులు, మూడు చోట్ల ఉన్నాం. మొదటి రెండు రాత్రులూ సఖినేటిపల్లి దాటాక, ఏటిగట్టుకి ఏటి వైపున, కొబ్బరితోటలో ఉన్న ఒక ఇంట్లో. రెండు గదులు అద్దెకిస్తారు. ఏసీ ఉంది, కరెంటు పోతే ఫ్యాను మాత్రమే తిరుగుతుంది. వేడినీళ్లు అడిగితే "ఆయ్, ఇప్పుడే తెస్తానండి" అని ఇంటావిడ పొయ్యి మీద కాచి బకెట్లో తెచ్చిచ్చారు. బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి కాబట్టి తాగడానికి టిన్ను తెప్పిస్తారు. దోమతెరలు ఇస్తారు, అవి లేకపోతే చచ్చేవాళ్లం. ఆవిడ ఆవపెట్టి చేసిన పనసపొట్టు కూర గురించి రాయడం మొదలుపెడితే ఇక వేరే ఏమీ రాయలేను.

ఇంటాయన నేవీలో చేసి రిటైరైన మనిషి. ముందుగదిలో పెద్ద యుద్ధనౌక ఫోటో చూసి మావాడు ఇదేం షిప్పని అడిగాడు.

"విరాట్ బాబూ. దాని ఇంజన్ గదిలో ఏడేళ్లు చేశాను. మన దగ్గరికి రాకముందే ఒక యుద్ధం చేసొచ్చిన ఓడ అది."

ఆ రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద చేరితే పదకొండు దాటింది. 1982లో ఆ ఓడ బ్రిటన్‌ది, పేరు హెర్మీస్. ఫాక్‌లాండ్ దీవుల కోసం బ్రిటన్ పంపిన నౌకాదళానికి అదే ఫ్లాగ్‌షిప్, అంటే దళాధిపతి ఉండే ఓడ. దీవులు అర్జెంటీనా తీరానికి దాదాపు 500 కిలోమీటర్లు. బ్రిటన్‌కి సుమారు 13 వేల కిలోమీటర్లు. అప్పట్లో జనం 1,800 మంది, వాళ్లకంటే గొర్రెలే ఎన్నో రెట్లు ఎక్కువ. స్పెయిన్ నుంచి మాకు వారసత్వంగా వచ్చాయని అర్జెంటీనా, 1833 నుంచి మా చేతిలోనే ఉన్నాయని బ్రిటన్.

"నూటయాభై ఏళ్లు కాగితాల మీద కొట్టుకున్నవాళ్లు 82లోనే ఎందుకు కత్తులు దూశారు?" అన్నాను. ఆయన ఎదురుగా ఏటి మధ్యలో నల్లగా కనిపిస్తున్న లంక చూపించారు. "మా చిన్నప్పుడు అది లేదండి. అటు ఒడ్డు కోసుకుపోయి ఇక్కడ మేట వేసింది. భూమి పోయినవాళ్లు మాదన్నారు, మేట తగిలినవాళ్లు మాదన్నారు. ఎన్నేళ్లయినా మాటలే. ఒక ఏడాది ఇటువాళ్లు కాపలా పాక పీకేశారు. వారం తిరక్కుండా అటువాళ్లు గడ్డి కోతకి దిగారు. అప్పుడు లేచాయి కర్రలు."

అక్కడ జరిగిందీ దాదాపు అదేనట. ఖర్చు తగ్గించుకోవాలని, ఆ సముద్రంలో కాపలా తిరిగే ఎండ్యూరెన్స్ అనే ఒకే ఒక్క ఓడని వెనక్కి పిలిపిస్తామని బ్రిటన్ ప్రకటించింది. ధరలు మండిపోయి జనం వీధిలోకొస్తున్న అర్జెంటీనాలో, గాల్టియరీ సైనిక ప్రభుత్వానికి ఒక గెలుపు కావాల్సొచ్చింది. బ్రిటన్‌కి ఇక ఈ దీవులు పట్టవులే అనుకుంది. మార్చిలో సౌత్ జార్జియా అనే ఇంకో దీవిలో పాత ఇనుము విప్పడానికి వెళ్లిన పనివాళ్ల దగ్గర అర్జెంటీనా జెండా లేచింది. ఏప్రిల్ 2న సైన్యం ఫాక్‌లాండ్స్‌లో దిగింది. 5న హెర్మీస్ పోర్ట్స్‌మత్ నుంచి బయల్దేరింది.

74 రోజుల యుద్ధం. ఒక్క బెల్గ్రానో అనే యుద్ధనౌక మునకలోనే 323 మంది అర్జెంటీనా వాళ్లు పోయారు. బ్రిటన్‌కి షెఫీల్డ్ అనే యుద్ధనౌక కాలిపోయింది. హెలికాప్టర్లని మోసుకొచ్చిన అట్లాంటిక్ కన్వేయర్ అనే సరుకు ఓడ క్షిపణికి బలైంది. దాంతో సైనికులు బురదలో నడుచుకుంటూ పోవాల్సొచ్చింది. జూన్ 14న అర్జెంటీనా లొంగిపోయేసరికి 649 మంది అర్జెంటీనా వాళ్లు, 255 మంది బ్రిటిష్ వాళ్లు, ముగ్గురు దీవివాళ్లు పోయారు. ఆ ముగ్గుర్నీ చెప్పేటప్పుడు మాత్రం ఆయన కాసేపు ఆగారు. "ఖాళీ లంక అని ఎప్పుడూ అనకూడదండి. గేదెలు మేపుకునేవాడు ఒకడుంటాడు."

పొద్దున్నే పడవ మాట్లాడి మమ్మల్ని లంకలోకి తీసుకెళ్లారు. తాటాకు పాక, నాలుగు గేదెలు, అరుస్తూ పరిగెత్తుకొచ్చిన కుక్క. పాకలో తాతని ఈ లంక ఎవరిదని అడిగితే నవ్వి, ఏటిది అన్నాడు. 2013లో ఫాక్‌లాండ్స్ వాళ్లని ఓటు అడిగితే బ్రిటన్‌తోనే ఉంటామని 1,513 మంది వేశారు, వద్దన్నవాళ్లు ముగ్గురు. ఈ తాతని ఏ ఆఫీసువాళ్లైనా అడిగారో లేదో.

అంతర్వేది సాయంత్రం వెళ్లండి. నరసింహస్వామి దర్శనం అరగంటలో అయింది. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఏరు, సముద్రం కలిసే చోట ఎంతసేపైనా నిలబడొచ్చు. చెత్తకుండీలు మాత్రం లేవు, ఆ సంగతి గట్టు చూస్తేనే తెలుస్తుంది.

మూడో రాత్రి దిండి దగ్గర ఏటి ఒడ్డున ఒక రిసార్టు. ఫోన్లో హౌస్‌బోటు ఉందన్నారు, వెళ్లాక మోటారు రిపేరన్నారు. కట్టిన డబ్బు తిరిగి రావడానికి మూడు వారాలు, ఆరు ఫోన్లు. బాల్కనీలోంచి గోదావరి అద్భుతంగా ఉంది, కాదనను. కానీ రొయ్యల వేపుడు చల్లగా తెచ్చి, వేడి చేయమంటే మొహం చిట్లించారు. కొబ్బరిబొండం ధర హైదరాబాదులోకంటే ఎక్కువ!

అమలాపురం మీదుగా, ఎదుర్లంక వంతెన దాటి యానాం. చుట్టూ ఆంధ్ర, మధ్యలో 30 చదరపు కిలోమీటర్ల పుదుచ్చేరి. లాడ్జి శుభ్రంగా, చవగ్గా ఉంది. కానీ రోడ్డు వైపు గది తీసుకోకండి, మందు దుకాణాల హడావుడి అర్ధరాత్రి దాకా సద్దుమణగదు. ఇంగ్లిషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ కొట్టుకున్నప్పుడల్లా చేతులు మారిన ఊరు ఇది. "ఇదీ ఫాక్‌లాండ్సేనా నాన్నా?" అన్నాడు మావాడు. 1954లో ఫ్రెంచి పాలన పోయింది, 56లో ఒప్పందం రాసుకున్నారు, 62లో అది ఖాయమైంది అని చెప్పాను. యుద్ధం లేదనేసరికి వాడికి ఆసక్తి పోయింది, ఐస్‌క్రీం అడిగాడు.

ఈసారి వెళితే నాలుగు రాత్రులూ ఆ తోట ఇంట్లోనే. విరాట్‌ని విశాఖలో మ్యూజియం చేస్తారని అప్పట్లో ఆయన ఆశపడ్డారట. 2017లో నేవీ నుంచి తప్పించిన ఓడ చివరికి గుజరాత్‌లో ఓడలు విప్పే అలంగ్‌లో ముక్కలైంది. ఆయన దగ్గర మిగిలింది ఆ ఫోటోనే. జూలై నుంచి సెప్టెంబరు దాకా గదులు ఇవ్వరు, ముందే ఫోన్ చేసుకోండి. 2022 జూలై వరదకి నడుము లోతు నీళ్లు వచ్చాయని గోడ మీద మరక చూపించారు. ఏరు పెరుగుతోందని కబురొస్తే ముందుగదిలోంచి మేడ మీదికి మొదట ఎక్కేది టీవీ కాదట, విరాట్.