అమ్మ కింది పళ్ళకు కంప్యూటర్ మోడల్: అడయారు స్కాన్ కేంద్రంలో మా అనుభవం

కింది వరుసలో ముందుపళ్ళు నాలుగూ కదులుతున్నాయని, వాటిని తీసేసి ఇంప్లాంట్లు (ఎముకలో బిగించే కృత్రిమ పళ్ళు) పెట్టించుకోవడం తప్ప దారి లేదని ఒక దంతవైద్యశాలలో చెప్పినప్పుడు మా అమ్మ ఒప్పుకోలేదు. ఆమెకు 63 ఏళ్ళు, చాలాకాలంగా మధుమేహం ఉంది, నెల్లూరు నుంచి చెన్నై కోడంబాకంలోని మా ఇంటికి వచ్చి రెండేళ్ళయింది. "కదిలే పన్ను వేరు, ఊడే పన్ను వేరురా" అన్నది ఆమె వాదన. ఆ వాదనలో పస ఎంతో తేల్చుకోవడానికే, మరొక చిగుళ్ళ నిపుణురాలి సలహా మీద, అడయారులోని ఈ కేంద్రానికి వెళ్ళాం. ఇక్కడ కోన్ బీమ్ సీటీ స్కాన్ (తల చుట్టూ తిరుగుతూ తీసే త్రిమితీయ ఎక్స్‌రే) తీయడమే కాకుండా, ఆ స్కాన్ ఆధారంగా దవడ ఎముకకూ పంటి వేర్లకూ త్రిమితీయ మోడల్ తయారుచేసి, కొరికేటప్పుడు పడే బలం ఎముకలో ఎక్కడెక్కడ ఎంత పడుతుందో లెక్కగట్టి ఇస్తారు.

స్కాన్ దగ్గర వీళ్ళ ఓపికను మెచ్చుకోవాలి. స్కాన్‌కు ముందు నగలు తీసేయాలి. కమ్మలు సులువుగానే వచ్చాయి కానీ, ఏళ్ళ తరబడి తీయని ముక్కుపుడక సబ్బునీళ్ళు పెట్టినా పావుగంట దాకా రాలేదు. చిత్తూరు వైపు నుంచి వచ్చిన టెక్నీషియన్ అమ్మాయి విసుక్కోకుండా నిలబడి, గడ్డం ఆనించే చోటు సరిచేసి, "కదలొద్దమ్మా, గుటక కూడా మింగొద్దు" అని తెలుగులోనే చెప్పింది. యంత్రం తల చుట్టూ తిరగడం అర నిమిషం లోపే అయిపోయింది. తలంతా కాకుండా కింది దవడ వరకే తీశారు, రేడియేషన్ తగ్గాలంటే అదే పద్ధతి.

మామూలు చిన్న ఎక్స్‌రేలో పెదవి వైపు ఎముకా నాలుక వైపు ఎముకా ఒకదాని మీద ఒకటి పడి ఒకే నీడగా కనిపిస్తాయి కాబట్టి, పళ్ళ మధ్య సందుల్లో ఉన్న ఎముకను మాత్రమే కొంత నమ్మకంగా కొలవగలం. ఆరోగ్యంగా ఉన్నచోట ఎముక అంచు పంటి ఎనామెల్ ముగిసే గీతకు 2 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. అమ్మ పాత ఎక్స్‌రేలో నాలుగు పళ్ళకూ దాదాపు సగం వేరు దాకా ఎముక దిగిపోయినట్టు కనిపించింది, "అన్నీ తీసేయాలి" అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. స్కాన్‌లో లెక్క మారింది. మూడు పళ్ళకు నాలుక వైపు ఎముక గోడ మేం అనుకున్నదానికంటే బాగా మిగిలి ఉంది. నాలుగో పంటికి పెదవి వైపు వేరు కొన దగ్గర తప్ప ఎముకే లేదు.

ఆ తర్వాతిది మోడల్ పని. వంతెనల మీద బరువును లెక్కించే ఇంజనీర్లు వాడే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతే ఇది, ఆ పేరు పెట్టినవారు కూడా సివిల్ ఇంజనీరైన రే క్లఫ్, 1960లో. ఎముకనూ పంటినీ లక్షల చిన్న ముక్కలుగా విడగొట్టి, పంటి అంచు మీద ఏటవాలుగా బలం పెట్టి, ఒక్కొక్క ముక్క ఎంత ఒత్తిడికి లోనవుతుందో చూస్తారు. వేరు కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి, పైనుంచి సగం పొడవు ఎముక పోతే పట్టు సగానికి మించి పోతుంది, పైగా ఎముక బయట ఉన్న భాగం పొడుగై మీటలా పనిచేయడంతో అదే కొరుకుడు మిగిలిన ఎముకను ఎక్కువగా వంచుతుంది. చదివితే అర్థమయ్యే విషయమే అయినా, అమ్మ పంటి మీదే దాన్ని చూడడం వేరు.

అయితే నాకు మొదటి అభ్యంతరం అక్కడే కలిగింది. తెర మీద నాలుగో పంటి మొదట్లో ఎముక ఎర్రగా వెలుగుతుంటే అమ్మ కంగారుగా, "అక్కడ పుండు పడిందా అమ్మాయ్?" అని అడిగింది. ఎరుపు జబ్బుకు గుర్తు కాదని, ఆ చోట ఒత్తిడి ఎక్కువని మాత్రమే అర్థమని టెక్నీషియన్ చెప్పింది. నివేదికలో మాత్రం ఆ మాట ఎక్కడా లేదు. అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. పళ్ళను విడిగా ఉంచిన బొమ్మకూ, కదలకుండా వాటిని ఒకదానితో ఒకటి కలిపి కడితే ఎలా ఉంటుందో చూపే బొమ్మకూ పక్కనున్న రంగుల కొలబద్ద వేర్వేరుగా ఉంది, ఒకదాని గరిష్ఠం మరొకదానికి రెట్టింపు. కొలబద్ద వేరైతే రెండు బొమ్మల్లోని ఎరుపును పోల్చడానికే వీల్లేదు. అడిగితే అరగంటలో ఒకే కొలబద్దతో మళ్ళీ ఇచ్చారు, అడగకపోతే ఇచ్చేవారు కారు.

రెండో అభ్యంతరం అంకెల గురించి. గట్టి ఎముకకు 13.7, లోపలి మెత్తని ఎముకకు 1.37 గిగాపాస్కల్ స్థితిస్థాపకత (బలం పడితే ఎముక ఎంత వంగకుండా నిలుస్తుందన్న కొలత) తీసుకున్నట్టు చివరి పేజీలో సన్నటి అక్షరాల్లో ఉంది. ఇవి పరిశోధన వ్యాసాల్లో అందరూ వాడే విలువలే కానీ, మా అమ్మ ఎముకను కొలిచి తెచ్చినవి కావు. పంటిని ఎముకకు పట్టి ఉంచే పొర మందం సుమారు 0.2 మిల్లీమీటర్లు, స్కాన్‌లోని ఒక్కో చుక్క పరిమాణమూ మాకు అంతే పెట్టారు. అంటే ఆ పొర స్కాన్‌లో విడిగా కనిపించేది కాదు, వేరు చుట్టూ ఒకే మందంతో సాఫ్ట్‌వేర్ గీసుకున్నది. అందుకే ఈ నివేదికలో ఒత్తిడి "ఇంత మెగాపాస్కల్" అన్న అంకెను నేను పట్టించుకోలేదు, ఏ పంటి దగ్గర ఎక్కువ, కలిపి కడితే ఎంత తగ్గుతుంది అన్న పోలికనే తీసుకున్నాను. వెనక దవడపంటికి పాత లోహపు తొడుగు ఉండడం వల్ల ఆ చుట్టూ చారలు పడ్డాయని, అక్కడి ఎముక కొలతలు నమ్మవద్దని వాళ్ళే ముందుగా చెప్పడం నాకు నచ్చింది.

మోడల్‌కు చీము తెలియదు, చక్కెర తెలియదు. అమ్మ చిగుళ్ళలో ప్రోబ్ (చిగురుకూ పంటికీ మధ్య లోతు కొలిచే సన్నటి కడ్డీ) 6 మిల్లీమీటర్లు దిగింది, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష) 8 శాతం దాటి ఉంది. 2017 నాటి అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం మధుమేహం ఉన్న చిగుళ్ళ రోగికి హెచ్‌బీఏ1సీ 7 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే వ్యాధి వేగంగా ముదిరే తరగతిలో చేరుస్తారు. అందుకని మా నిపుణురాలు ముందు చిగుళ్ళ లోపలిదాకా శుభ్రం చేసి, చక్కెర అదుపులోకి వచ్చాకే నివేదిక బయటికి తీశారు. నాలుగో పన్ను తీసి, దాని వేరు కోసేసి, పైభాగాన్ని అదే స్థానంలో అతికించి, కోరపంటి నుంచి కోరపంటి దాకా ఫైబర్ పట్టీతో నాలుక వైపు కట్టారు. తన పన్ను తన నోట్లోనే ఉందని అమ్మ సంతోషం. జంతికలు మాత్రం ముందుపళ్ళతో కొరకకూడదు.

స్కాన్‌కు 3,200, మోడల్‌కు 6,500 రూపాయలు తీసుకున్నారు. ఉంచాలా తీయాలా అన్న సందేహం నిజంగా ఉన్నవారికి ఆ ఖర్చు దండగ కాదు, ప్రోబ్ కొలతలు కూడా తీయించుకోకుండా నేరుగా ఇక్కడికి వచ్చేవారికి దండగే. అసలు స్కాన్ ఫైళ్ళ డిస్కుకు విడిగా డబ్బు అడిగారు, కాబట్టి చెల్లించేముందే ఆ మాట తేల్చుకోండి. ఆరు నెలలకు మళ్ళీ మోడల్ చేయించుకుంటే రాయితీ ఇస్తామని ఫోన్ చేశారు. మా నిపుణురాలు మళ్ళీ స్కాన్ అక్కర్లేదని, ప్రోబుతో తానే కొలుస్తానని అన్నారు. మేం ఆమె దగ్గరికే వెళ్తున్నాం.