హైదరాబాద్ హాస్టల్: ఉద్యోగానికి ఊరు వదిలే ముందు సోమవారం పొద్దున ఒకసారి చూడండి

ఒంగోలులోనో ఖమ్మంలోనో నెలకు 13 వేల జీతంతో పని చేసుకునేవాళ్లకు హైదరాబాద్ నుంచి ఏడాదికి 3 లక్షల ఆఫర్ వచ్చిందనుకుందాం. ఇంట్లో చర్చ అంతా జీతం చుట్టూనే తిరుగుతుంది. ఆరు నెలలకే సంచి సర్దుకుని తిరిగొచ్చేవాళ్లను అడిగితే మాత్రం ఎక్కువమంది చెప్పేది నిద్ర చాలలేదు, తిండి పడలేదు, నీళ్లు పడలేదు అనే. ఆఫర్ లెటర్ ఎంత శ్రద్ధగా చదువుతారో, ఉండబోయే హాస్టల్‌ని అంత శ్రద్ధగా చూడాలి. ఈ రివ్యూ అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్ మొదలుకొని మాదాపూర్, గచ్చిబౌలి దాకా మూడు పూటలా భోజనంతో నడిచే మామూలు హాస్టళ్ల గురించి.

ముందు డబ్బు. 3 లక్షల సీటీసీ (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) అంటే నెలకు 25 వేలు చేతికొస్తాయని కాదు. బేసిక్, అంటే మూల వేతనం, అందులో సగం, 12,500 అనుకుంటే, కంపెనీ కట్టే పీఎఫ్ 1,500, ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కింద చూపించే 600 కూడా ఆ 25 వేలలోవే. మన వాటా పీఎఫ్ ఇంకో 1,500, తెలంగాణ వృత్తి పన్ను 200 పోతే చేతికి సుమారు 21,200. వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చే భాగం), ఇన్సూరెన్స్ కోత ఉంటే ఇంకా తగ్గుతుంది. హాస్టల్లో మంచం ఖరీదు ఏరియాని బట్టి అటూ ఇటూగా ఇలా ఉంటుంది: ఐదుగురి గదిలో 5,500 నుంచి 6,500, ముగ్గురి గదిలో 7,000 నుంచి 8,500, ఇద్దరి గదిలో 9,000 పైన. ముగ్గురి గదికి 7,500, బయట తినే తిండికి 1,500, రాకపోకలకు 2,000, ఫోను, సబ్బులు, మందులకు 1,000, నెలకోసారి ఊరికెళ్లి రావడానికి 1,200 తీసేస్తే మిగిలేది 8 వేలు. ఊళ్లో 13 వేలలో పెట్రోలు, ఫోను పోను 10 వేలు మిగులుతున్నాయంటే, డబ్బు కోసమే అయితే ఈ ఆఫర్‌కి కదలడం దండగ. రేపు జీతం పెంచే పని అక్కడ నేర్పుతారని గట్టిగా తెలిస్తేనే వెళ్లాలి. అదే 4.5 లక్షలైతే చేతికి 32 వేల దాకా వస్తాయి, లెక్క పూర్తిగా మారిపోతుంది.

జేబులో 20 వేలు లేకుండా బస్సెక్కకండి. చాలా ఆఫీసుల్లో ఇరవయ్యో తేదీ దాటాక చేరినవాళ్లకు తొలి జీతం తర్వాతి నెల జీతంతో కలిపి వేస్తారు. హాస్టల్ అద్దె, అడ్వాన్స్ మాత్రం చేరిన రోజే కట్టాలి.

ఏరియా విషయంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది: తెలిసినవాళ్లు ఉన్నారని అమీర్‌పేటలో దిగడం. మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లు కోర్సులు నేర్చుకునేవాళ్లకు, ఇంటర్వ్యూలకు తిరిగేవాళ్లకు బాగుంటాయి. ఆఫీసు హైటెక్ సిటీ స్టేషన్ పక్కనే ఉంటే అమీర్‌పేట నుంచి మెట్రోలో హాయిగా వెళ్లొచ్చు. నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు ఉంటే రాయదుర్గంతో మెట్రో ఆగిపోతుంది, అక్కడి నుంచి బస్సో షేర్ ఆటోనో పట్టుకోవాలి. రోజుకు రెండుసార్లు ఆ తిప్పలు పడే బదులు వెయ్యి ఎక్కువైనా గచ్చిబౌలిలోనో గౌలిదొడ్డిలోనో ఉండటం మేలు. ఆఫర్ లెటర్‌లోని ఆఫీసు అడ్రసు, మీరు నిజంగా కూర్చోబోయే చోటు ఒకటేనా అని హెచ్‌ఆర్‌ను అడిగాకే హాస్టల్ వెతకండి.

అసలు పరీక్ష సోమవారం పొద్దున. తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుని ఆదివారం వస్తారు. ఆ రోజు సగంమంది ఊళ్లకెళ్లి ఉంటారు, బాత్రూములు ఖాళీ, మధ్యాహ్నం చికెన్. ఏ హాస్టలైనా ఆదివారం బాగానే కనిపిస్తుంది. అందుకే చాలా హాస్టళ్లలో దొరికే రోజు లెక్క మంచం, 300 నుంచి 500 పెట్టి ఆదివారం సాయంత్రం తీసుకుని మంగళవారం దాకా ఉండండి. సోమవారం ఏడున్నరకు లేచి ఫ్లోర్‌లో ఎంతమంది ఉన్నారో, బాత్రూములు ఎన్నో లెక్కపెట్టండి. పన్నెండు మందికి ఒక్కటే అయితే, మనిషికి ఎనిమిది నిమిషాలు వేసుకున్నా గంటన్నర దాటుతుంది. ఆరుగురికి ఒకటి ఉంటే ఫర్వాలేదు, ఎనిమిది దాటితే వద్దు. గీజర్ సైజు కూడా చూడండి. 15 లీటర్ల గీజర్ ఒకసారి ఖాళీ అయితే మళ్లీ వేడెక్కడానికి పావుగంట పడుతుంది. చలికాలంలో మూడోవాడి నుంచి చన్నీళ్లే.

కుళాయి మొదట్లో, బకెట్ అంచున తెల్లగా, గరుకుగా పొర పేరుకుందా? అది ఉప్పునీళ్ల బోరు. సబ్బు నురగ రాదు, జుట్టు పీచులా తయారవుతుంది, బట్టలు గట్టిపడతాయి. మంజీరా నీళ్లు, అంటే ప్రభుత్వ కుళాయి నీళ్లు, వస్తాయా, ఎండాకాలం ట్యాంకర్ తెప్పిస్తారా అన్నది ఓనర్ని కాకుండా ఏడాదిగా ఉంటున్నవాళ్లని అడగండి.

తిండికి వస్తే, మెనూ బోర్డు చూసి మురిసిపోవద్దు. వంట మాస్టర్ని ఒకే ప్రశ్న అడగండి: "అన్నా, బాక్సులోకి అన్నం, కూర ఎన్నింటికి అవుతాయి?" ఎనిమిది లోపు అయితే మధ్యాహ్నం భోజనం హాస్టల్‌దే. తొమ్మిదిన్నర అంటే ఆ పూట రోజూ బయటే, నెలకు ఇంకో రెండు మూడు వేలు కలుపుకోవాలి. రాత్రి భోజనం పదికి మూసేస్తే సెకండ్ షిఫ్ట్ వాళ్లకు పెరుగన్నం కూడా మిగలదు. తీసి పెడతారో లేదో ముందే మాట్లాడుకోండి. సాంబారు పలచన, పప్పులో నీళ్లు అన్నిచోట్లా ఉండేవే, వాటికి అలవాటు పడతారు. అన్నం త్వరగా ఉడకాలని సోడా వేసే చోట మాత్రం ఉండొద్దు. ముద్ద నోట్లో పెట్టగానే తెలిసిపోతుంది, కాసేపటికి కడుపు ఉబ్బరం మొదలవుతుంది.

గదిలో మొదట చూడాల్సినవి నల్లులు. ఫోన్ టార్చి వేసి పరుపు అంచు కుట్టు వెంబడి, ఇనుప మంచం కాళ్లు కలిసే మూలల్లో, గోడ పగుళ్లలో చూడండి. మిరియం పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తే ఆ గది వదిలేయండి. ఒక్క మంచానికి మందు కొడితే అవి పక్క మంచానికి పోతాయి, మళ్లీ వస్తాయి. ఊరికెళ్లేటప్పుడు మీ సంచిలో ఇంటికీ వస్తాయి. ప్లైవుడ్‌తో ఒక గదిని రెండు చేసిన చోట కిటికీ ఎవరి వైపు పోయిందో గమనించండి, గాలి లేని సగంలో ఫ్యాన్ ఎంత తిరిగినా నిద్ర పట్టదు. మెట్లదారి ఒక్కటే ఉండి, దాని మొదట్లోనే కరెంటు మీటర్లు, వంట సిలిండర్లు ఉంటే ఎంత చవకైనా వద్దు. నిప్పు రాజుకుంటే దిగడానికి వేరే దారి ఉండదు. టెర్రస్ తలుపు రాత్రిళ్లు తాళం వేస్తారేమో కూడా అడగండి.

ఆడపిల్లల హాస్టళ్లు శుభ్రంలో సాధారణంగా ఒక మెట్టు పైనే. అక్కడ చిక్కు గేటు వేళ. తొమ్మిదిన్నరకో పదికో మూసేస్తారు. ఆఫీసు క్యాబ్ పదకొండుకి దింపితే గేటు ఎవరు తీస్తారో, దానికి ఆఫీసు లెటర్ కావాలో ముందే తేల్చుకోవాలి.

అడ్వాన్స్ 1,000 నుంచి 3,000 దాకా అడుగుతారు. తిరిగిచ్చేటప్పుడు మెయింటెనెన్స్ పేరుతో కొంత కోస్తారు. ఎంత కోస్తారో, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలో చేరిన రోజే వాట్సాప్‌లో రాయించుకోండి. "నోటీసు 15 రోజులు, కోత 500" అని ఒక్క మెసేజ్ చాలు, వెళ్లేనాడు వాదన ఉండదు. డబ్బు చేతికివ్వకుండా ఫోన్‌పేలో పంపండి. కో-లివింగ్ పేరుతో వచ్చిన కొత్తవాటిలో గది, బాత్రూము బాగుంటాయి గానీ మూడు నుంచి ఆరు నెలల లాకిన్, అంటే అన్నాళ్లూ ఖాళీ చేయకూడదనే షరతు, పెడతారు. ఉద్యోగం నచ్చుతుందో లేదో తెలియని తొలి మూడు నెలల్లో దానికి సంతకం పెట్టొద్దు. సంక్రాంతికి, దసరాకి మూడు నాలుగు రోజులు మెస్ మూసేస్తారు, అద్దెలో మాత్రం ఒక్క రూపాయి తగ్గించరు. పండక్కి సెలవు దొరకనివాళ్లు ఆ రోజుల తిండి ఖర్చు విడిగా పెట్టుకోవాలి.