అక్కా అన్నాక బిల్లు ఎట్లా అడిగేది? తిరుపతి మహిళా వ్యాపారుల క్లబ్బులో ఆరేళ్లు

ఈ జనవరికి క్లబ్బులో చేరి ఆరేళ్లు నిండాయి. రెన్యువల్ కట్టమని గ్రూపులో మెసేజ్ వచ్చి పదిరోజులైనా నేనింకా కట్టలేదు. కట్టాలా మానాలా అని లెక్క వేసుకుంటుంటే ఇదంతా రాయబుద్ధయింది. క్లబ్బు పేరు మాత్రం రాయను, చెప్పేవాటిలో తగాదాలు కూడా ఉన్నాయి కాబట్టి.

నాది కొర్లగుంట. మేడమీద షెడ్డు వేసి మురుకులు, చెక్కలు, కజ్జికాయలు, ఆర్డరుంటే ఓళిగలు చేయిస్తాను. నాతో కలిపి ఐదుగురం. పెళ్లిసారెలు, శ్రీమంతాలు, లాడ్జీల దగ్గరున్న చిన్న దుకాణాలు మా గిరాకీ. చేరేటప్పుడు ప్రవేశానికి 2,500, ఏడాదికి 6,000 కట్టాను. ఏడాది చందా ఇప్పటికీ అంతే. నెలకో మీటింగ్, రెండో శనివారం, ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక హోటల్ హాల్లో. భోజనం డబ్బులు వేరే, మొదట్లో 350, ఇప్పుడు 550. ఆటో కూడా కలిపితే నెలకు పన్నెండొందలు దాకా అవుతుంది. కిలో మురుకుల మీద నాకు మిగిలేది అరవై రూపాయలు. అంటే నెలకు ఇరవై కిలోలు క్లబ్బు కోసమే వత్తిస్తున్నానన్నమాట. ఈ లెక్క నాకు మూడో ఏడుగానీ తట్టలేదు.

మొదటి మీటింగ్ బాగా గుర్తుంది. ఒక్కొక్కరూ లేచి ఒక్క నిమిషంలో తమ వ్యాపారం గురించి చెప్పాలి. సెక్రటరీ ఫోనులో టైమర్ పెట్టుకుని కూర్చుంటుంది. నా వంతు వచ్చింది. "మా ఇంట్లో మురుకులూ అవీ చేస్తామండీ, ఎవరికైనా కావాలంటే..." అన్నానో లేదో గంట మోగింది. అంతసేపు నీళ్లు నమిలానని అప్పుడు తెలిసింది. భోజనాల దగ్గర ఒక పెద్దావిడ, లాడ్జి నడుపుతుంది, నన్ను పక్కకు పిలిచింది. "ఏమ్మే, ఇంట్లో అంటావేందే? యూనిట్ అను. కావాలంటే అనొద్దు, దినానికి ఎన్ని కిలోలు తీస్తావో చెప్పు. రేటు అడిగితే మీరెంతిస్తే అంత అన్నావంటే చూడు!" ఆ మూడు ముక్కలకే మొదటి ఏడాది చందా చెల్లిపోయిందని ఇప్పటికీ అనుకుంటాను. దినానికి ఎన్ని కిలోలో నాకే తెలియదు, ఇంటికొచ్చి వారం రోజులు తూకం వేసి రాసుకున్నాను.

ఆ తరువాత రెండు నెలలకే కరోనా. కొండమీద దర్శనాలు 2020 మార్చి మూడో వారంలో ఆగాయి, మళ్లీ బయటి భక్తులను పంపింది జూన్ 11 నుంచి. యాత్రికులు రాకపోతే తిరుపతి ఎట్లుంటుందో అప్పుడు చూశాం. గోవిందరాజస్వామి గుడి ముందర వీధిలో కుక్కలు కాళ్లు చాపుకుని పడుకున్నాయి. లాడ్జీలు మూత, పెళ్లిళ్లు వాయిదా. ఆ మూడు నెలలు క్లబ్బు నిజంగా పనిచేసింది. మీటింగ్ లేదు, హోటల్ లేదు, శాలువాలు లేవు, ఉన్నదల్లా వాట్సాప్ గ్రూపు. ఎవరి అపార్ట్‌మెంటులో వాళ్లు నా సరుకు పేరు చెప్పారు. వారానికి రెండుసార్లు మా ఆయన స్కూటర్ మీద గేటు దగ్గర పెట్టి వచ్చేవాడు. డబ్బులు ఫోనులో పడేవి, ఆ రోజే. గేటు దగ్గర కొన్నవాళ్లలో ఒక్కరు కూడా బాకీ పెట్టలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ పని పడుతుంది.

క్లబ్బు నాకు చేసిన పెద్ద మేలు లేబుల్. నవ్వకండి. అప్పటిదాకా పాలిథిన్ కవర్లో పోసి, కొవ్వొత్తితో అతికించి ఇచ్చేదాన్ని. ఫుడ్ రిజిస్ట్రేషన్ అంటే పెద్ద ఫ్యాక్టరీలకనుకున్నాను. ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉన్నవాళ్లకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (తిండి సరుకుల నాణ్యత చూసే కేంద్ర సంస్థ) వాళ్ల చిన్న రిజిస్ట్రేషన్ ఏడాదికి వంద రూపాయలేనని (నేను తీసుకున్నప్పటి మాట ఇది) మా మెంబరు, బేకరీ ఆమె, చెప్పేదాకా తెలియదు. తన ప్యాకెట్టు ఒకటి నా చేతిలో పెట్టి ఒక్కో అక్షరం చదివించింది. పధ్నాలుగు అంకెల నంబరు, చదరంలో పచ్చచుక్క, నికర తూకం, బ్యాచ్ నంబరు, చేసిన తేదీ, ఎన్నాళ్లలో తినాలి, మా అడ్రసు, ఎమ్మార్పీ. చెక్కల్లో చెనక్కాయ గింజలు పడతాయి కాబట్టి అది పడనివాళ్ల కోసం ఆ సంగతి విడిగా రాయాలంది. మా అత్తమ్మ అదంతా చూసి, "చెక్కలకు జాతకం రాస్తాండారు" అని ఒకటే నవ్వు. అంతకు ముందు మూడుసార్లు తిప్పి పంపిన ఒక దుకాణం ఆ జాతకం అంటించాక మారుమాట లేకుండా సరుకు దించుకుంది.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే నమోదు, కూడా అంతే. అది 2020 జులై 1న మొదలైంది, పైసా ఖర్చు లేదు, ఆధార్, దానికి లింకున్న ఫోను, పాన్ ఉంటే చాలు. నెట్ సెంటర్లో నన్ను పదిహేనొందలు అడిగారు. క్లబ్బులో చార్టర్డ్ అకౌంటెంట్ అమ్మాయి ఒకతె భోజనం ప్లేటు పక్కన పెట్టి కూర్చున్నచోటే చేసిచ్చింది. ఆ నంబరు బిల్లు మీద అచ్చు వేయించమని పోరింది కూడా తనే. ఎందుకో నాలుగేళ్లకు తెలిసింది. ఒక స్వీట్ల షాపు నాకు 41,000 బాకీ పడి నెలలు గడిపేస్తోంది. ఆ అమ్మాయి చెప్పింది: మనలాంటి చిన్న తయారీ యూనిట్లకు 2006 నాటి చట్టం ప్రకారం, సరుకు తీసుకున్నవాళ్లు డబ్బు కట్టడానికి రాతపూర్వకంగా ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే చక్రవడ్డీ. పైగా 2024 ఏప్రిల్ నుంచి అమలైన ఆదాయపన్ను నిబంధనతో, గడువు దాటిన అట్లాంటి బాకీని కట్టేదాకా ఆ షాపు తన ఖర్చుల్లో చూపుకోలేదు. నేనేమీ గొడవ పడలేదు. ఈ సంగతి రాసి, ఉద్యమ్ నంబరుతో బిల్లులన్నీ మళ్లీ పంపాను. ఆ మార్చి 31 లోపు మొత్తం వచ్చేసింది. కొని అమ్మే షాపులకు ఈ సౌకర్యం లేదు, తయారుచేసేవాళ్లకు, సర్వీసు ఇచ్చేవాళ్లకు మాత్రమే. ఇది తెలియక క్లబ్బులో చీరలమ్మే ఆమె ఉత్తపుణ్యానికి ఒకరితో పోట్లాట పెట్టుకుంది.

ఇంకో లాభం, బెల్లం. మాకు నలుగురికి బెల్లం పని ఉంది. విడివిడిగా తిరుపతి బజార్లో కొనేవాళ్లం. ఇప్పుడు కలిసి చిత్తూరు మండీ నుంచి ఒకే ఆటోలో తెప్పిస్తాం. డెబ్బై కిలోమీటర్ల బాడుగ పోనూ కిలోకు మూడు నాలుగు రూపాయలు మిగులుతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు అసలు సంగతి.

క్లబ్బులో చేరేటప్పుడు వాళ్లు చెప్పే మొదటి మాట, "మనకు మనమే కస్టమర్లం". బీఎన్‌ఐ అని 1985లో అమెరికాలో ఇవాన్ మైస్నర్ మొదలుపెట్టిన, వ్యాపారులు ఒకరికొకరు గిరాకీ పంపుకునే పద్ధతి ఒకటుంది, ఒక గ్రూపులో ఒక వృత్తికి ఒకరే. మా వాళ్లు దాన్నే తెచ్చారు. ఏడాది తిరిగేసరికి మగ్గం వర్కు వాళ్లే నలుగురయ్యారు, చందా వస్తుంటే ఎవరు కాదంటారు! అది పోనీ. అసలు చిక్కు వరసల్లో ఉంది. ఇక్కడ ఎవరూ ఎవరికీ మేడమ్ కాదు. అక్కా, చెల్లీ, వదినా. ఆర్డరు ఆ పిలుపుతో తొందరగా వస్తుంది, డబ్బు ఆ పిలుపుతోనే ఆగిపోతుంది.

ఒక అక్క తన కూతురి పెళ్లికి సారె చెప్పింది. ఇరవై ఒక్క పళ్లేలు, మొత్తం 38,600. పదిహేను వేలు ముందే ఇచ్చింది. పెళ్లి తిరుచానూరులో, బ్రహ్మాండంగా జరిగింది. నా కజ్జికాయలను వియ్యంకులు మెచ్చుకున్నారని అందరి ముందూ చెప్పింది కూడా. మిగిలిన 23,600 మాత్రం రాలేదు. నెల, రెండు నెలలు, ఏడు నెలలు. ప్రతి రెండో శనివారం ఒకే బల్ల దగ్గర పక్కపక్కన కూర్చుని పెరుగన్నం తిన్నాం. ఒకసారి ధైర్యం చేసి కదిలిస్తే, "అయ్యో చెల్లీ, నువ్వు పరాయిదానివా, ఎక్కడికి పోతాను?" అంది. ఆ మాటకు జవాబేముంటుంది? కూతురి పెళ్లి సారె ఆమె వ్యాపార ఖర్చు కాదుగదా, షాపు దగ్గర పనిచేసిన పన్ను బెదిరింపు ఇక్కడ చెల్లదు. ఇక చక్రవడ్డీ కట్టు అని అక్కకు కాగితం ఎవరు రాస్తారు? కమిటీకి చెబితే, "మనలో మనకు ఇవన్నీ ఎందుకు, సర్దుకోండమ్మా" అన్నారు. సర్దుకోవాల్సింది ఎవరు? అమ్మినదాన్ని నేనా?

మా దగ్గర మురుకులు వత్తే ఆమె మెప్మా (పట్టణాల్లో పేదల కోసం ఉన్న ప్రభుత్వ సంస్థ) పొదుపు సంఘంలో ఉంది. పదిమంది. వాళ్లూ ఒకే వీధి, అక్కాచెల్లెళ్లే, కొందరు నిజంగానే. నెలలో ఒక తేదీ, ఒక పుస్తకం, అందరి ముందూ డబ్బు లెక్కపెట్టి సంతకం. ఒకరు కట్టకపోతే పదిమంది బ్యాంకు లోను ఆగుతుంది కాబట్టి మొహమాటానికి తావే లేదు. "మీ క్లబ్బులో పుస్తకం లేదా అక్కా?" అని ఆమె ఒకరోజు అడిగింది. లేదు. హాలుకు ఏసీ ఉంది, ఫ్లెక్సీ ఉంది, పుస్తకం లేదు.

చివరికి ఆ బాకీ ఎట్లా తీరిందో చెప్తాను. ఆమెది మగ్గం వర్కు బొటిక్. ఎనిమిదో నెలలో నేనే పోయి, "అక్కా, డబ్బు వద్దులే, మా పాపకు జాకెట్లు కుట్టించివ్వు" అన్నాను. ఒక్కోటి నాలుగు వేల చొప్పున ఆరు జాకెట్లు. పాప ఇంటర్ చదువుతోంది, ఆరు పట్టు జాకెట్లు ఎక్కడ వేసుకుంటుంది? బీరువాలో తెల్లగుడ్డ చుట్టి పెట్టాను. ఆరు నాలుగులు ఇరవై నాలుగు కదా, లెక్కకు నేను నాలుగొందలు ఎక్కువ తీసుకున్నట్టయింది. ఆ నాలుగొందలు ఆమె మరిచిపోలేదు. తరువాతి మీటింగులో, "చెల్లీ, ఆ చిన్న బ్యాలెన్సు" అంటూ ఫోనులో క్యూఆర్ తీసి చూపించింది.

అప్పటినుంచి నాదొకటే పద్ధతి. క్లబ్బు మనిషైతే మొత్తం ముందే. సరుకు తరువాత. ముగ్గురు అలిగారు, ఇద్దరు మానేశారు. ఒకామె మాత్రం, "నువ్వే నయం, నేను కూడా అట్లే చేస్తా" అంది. ఆ పెళ్లి ఏడాది నా అమ్మకంలో క్లబ్బు వాళ్లు కొన్నది పదో వంతు కూడా లేదు, వాళ్ల ద్వారా బయటివాళ్లు కొన్నది మూడో వంతు. కరోనాలో గేటు దగ్గర డబ్బు చేతికిచ్చింది కూడా బయటివాళ్లే.

చిన్నచిన్న చిరాకులు చాలా ఉన్నాయి. ఆరోగ్యం పౌడర్ల చైన్ మార్కెటింగ్ వాళ్లు ముగ్గురున్నారు. వాళ్ల పక్కన సీటు పడితే భోజనం అరగదు. మార్చి 8న శాలువా, మెమెంటో, ఫోటో. మా ఇంట్లో నాలుగు మెమెంటోలున్నాయి, ఒకటి తలుపుకు అడ్డం పెట్టాం. కల్యాణ మండపంలో ఎగ్జిబిషన్ అని స్టాలుకు మూడు వేలు తీసుకున్నారు, రెండు రోజుల్లో నేనమ్మింది 4,200. వచ్చినవాళ్లలో సగం మంది మిగతా స్టాళ్లవాళ్లే! పదకొండు నుంచి ఒకటిన్నర దాకా మీటింగ్ పెడితే పొయ్యిమీద నూనె పెట్టుకునేవాళ్లం ఎట్లా వస్తాం? పెరటాసి నెల (తమిళుల నెల, సెప్టెంబరు-అక్టోబరుల్లో వస్తుంది) శనివారాల్లో తిరుపతిలో కాలు పెట్టే చోటుండదు, మాకు సరుకు అందించడానికే దినం చాలదు. ఆ నెలన్నా మార్చమని నాలుగేళ్లుగా అడుగుతున్నాను. కమిటీలో ఎక్కువమందికి సొంత కారు, జీతమిచ్చి పెట్టుకున్న మేనేజరు ఉన్నారు. నా మాట వాళ్లకు సాకులాగే వినిపిస్తుంది.

లెక్కల సంగతి అడగొద్దు. సొసైటీగా రిజిస్టరైన సంఘం ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి. మాది పెడుతుంది, కేకు కోస్తుంది, జమాఖర్చులు చదవదు. చందా కోశాధికారి సొంత నంబరుకే పంపాలి. ఆరేళ్లలో నాకు ఒక్క రసీదు రాలేదు.

చేరాలా అని అడిగేవాళ్లకు: వ్యాపారం పెట్టి రెండేళ్లలోపు ఉంటే, ఫుడ్డు, కుట్టుపని, చేతిపని లాంటివైతే చేరండి. ముందు రెండు మీటింగులకు అతిథిగా పోండి, అడిగితే రానిస్తారు. ఆ రోజు వేదిక మీద ఎవరున్నారని చూడకండి. భోజనాలప్పుడు ఎవరి చుట్టూ నలుగురు చేరి ఫోను తీసి ఏదో అడుగుతున్నారో చూడండి, వాళ్ల పక్కన కూర్చోండి. రెడీమేడ్ గిరాకీ దొరుకుతుందని మాత్రం రాకండి. పదేళ్లు దాటి, సొంత అకౌంటెంటు, సొంత గిరాకీ ఉన్నవాళ్లకు అక్కడ దొరికేది సన్మానమే. అదే కావాలంటే సరే.

యాభై వేలు కట్టి లైఫ్ మెంబరు కమ్మని కూడా ఈమధ్య ఒత్తిడి చేస్తున్నారు. నేను కాను. ఏడాది చందా మాత్రం రేపు కడతాను, లాడ్జి అక్క, అకౌంటెంటు అమ్మాయి, బెల్లం ఆటో, ఈ మూడింటి కోసం. ఈసారి రసీదు చేతికొచ్చాకే కడతాను.